క్యాచర్ల పేజీ

ప్రతి ఏడూ మార్చి రెండో వారానికల్లా మా నాన్న మా బేస్‌బాల్ జట్టుకు ఒకటో స్థానం ఇచ్చేస్తాడు. ఆటలింకా మొదలు కావు, రేవు మీది చలిగాలి ఇంకా తగ్గదు, అయినా సరే. తను రాసే పత్రిక ఆఖరి పేజీలో ఆఖరి వాక్యం ఎప్పుడూ ఒకటే: ‘ఈ ఏడు సెతో క్రేన్స్, ఒకటో స్థానం.’ ముప్ఫై ఒక్క ఏళ్లుగా రాస్తున్నాడు. అందులో రెండుసార్లు నిజమైంది. పదకొండుసార్లు మా జట్టు ఆరు జట్లలో ఆరోదిగా నిలిచింది.

పత్రిక అంటే పెద్దదేం కాదు. ఎనిమిది పేజీలు, నాన్న చేతిరాత, మూడు వందల జిరాక్సు కాపీలు. స్టేడియంలో కుడివైపు చివర బాకాలూ డోళ్లూ పెట్టుకుని తొమ్మిది ఇన్నింగ్సులూ నిలబడి పాడే మాలాంటి అభిమానుల కోసం. తొలి ఆట రోజు గేటు దగ్గర పంచుతాం. అయితే అందులో భజన ఉంటుందనుకుంటే పొరపాటు. నాన్న ఓడల కార్ఖానాలో ముప్ఫై ఎనిమిదేళ్లు వెల్డింగు అతుకులు తనిఖీ చేసిన మనిషి. అనుమానం వచ్చినచోట సుద్దతో గీత గీసి, ‘మళ్లీ చెయ్’ అనేసి ముందుకు వెళ్లిపోవడమే ఆయన ఉద్యోగం. ఆ సుద్ద గీతలే పత్రికలోకీ వచ్చి పడ్డాయి. బంతి విసిరే పిచర్లలో పేరున్నవాడి గురించి ‘వేగం ఉంది, దారి లేదు’ అని రాశాడు. మూడో బేస్ కాపలా కాసేవాడి గురించి ‘ఒళ్లు పెరిగింది, ఆట పెరగలేదు’ అని రాశాడు.

డోలు కొట్టే ఇవాసా మావయ్యకు ఇది అస్సలు మింగుడుపడదు. ఆయనకు స్టేషన్ దగ్గర సైకిళ్ల షాపు. ప్రతి ఏడూ పత్రిక చదివి మా ఇంటికి వచ్చి పోట్లాడతాడు.

“ఏడు పేజీలు శవయాత్ర, ఎనిమిదో పేజీ పెళ్లి ఊరేగింపు. ఇదేం అంచనా షిరాయిషి గారూ?”

“ఏడు పేజీలే అంచనా. ఎనిమిదోది మొక్కు,” అంటాడు నాన్న.

ఆ పత్రికను మా వాళ్లే కాదు, జట్టువాళ్లూ చదువుతారు. పెద్ద జట్టుకు కుర్రాళ్లను తయారు చేసే చిన్న జట్టులో క్యాచర్లకు నేర్పే నెగొరో గారైతే ఏకంగా తన గది తలుపుకు అంటించుకుంటాడు. ‘ఈ పెద్దాయన రాసింది తప్పని నిరూపించండ్రా’ అని కుర్రాళ్లను రెచ్చగొడతాడట. ఈ సంగతి నాన్నకు తెలుసు. అందుకే ఒక్కో మాటా మూడుసార్లు కొట్టేసి రాస్తాడు.

ఏడో పేజీ క్యాచర్లది. రెండేళ్లుగా ఆ పేజీ కింది మూల నంబరు 127 గురించి ఒక వాక్యం ఉంటోంది. మొదటి ఏడు: ‘కాళ్లు బాగున్నాయి, చెయ్యి చూడాలి.’ రెండో ఏడు: ‘చెయ్యి ఉంది, తొందర ఎక్కువ.’ నంబరు 127 నా తమ్ముడు కజుమా. ఆ మొదటి ఏడు వాక్యం చదివాక మూడు రోజులు నాన్న సూపులో ఒక్క తోఫు ముక్క కూడా పడలేదు. అమ్మ కోపం అలాగే ఉంటుంది.

మూడంకెల నంబరు అంటే జట్టు తిండిపెట్టి తయారు చేసుకునే ఆటగాడు. పెద్ద జట్టు ఆటలో వాడు కాలు పెట్టడానికి లేదు. మూడేళ్లలో రెండంకెల నంబరు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఇంటికే. నేను చెప్పేది ఆ మూడో ఏటి సంగతి.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా దగ్గర ప్రతి ఆటగాడికీ ఒక పాట ఉంటుంది. అతను బ్యాటు పట్టుకుని వచ్చినప్పటి నుంచి వెనక్కి వెళ్లేదాకా అదే పాట, మళ్లీ మళ్లీ. రెండంకెల నంబరు లేనివాడికి పాట లేదు, అది మా నియమం. వరసలు కట్టేది నాన్న. ఆయనకు స్వరాలు రాయడం రాదు. కూనిరాగం తీస్తాడు, నేను కాగితం మీద పెట్టి బాకా మీద వాయిస్తాను. మిగతా రోజులు తువ్వాళ్ల మిల్లులో మగ్గాల దగ్గర నా ఉద్యోగం.

కజుమా జట్టులో చేరిన నెలకే నాన్న ఒక కొత్త వరస తీశాడు.

“ఎవరిదిది?” అన్నాను.

“ఎవరిదో ఒకరిది. రాసిపెట్టు.”

మొదటి నాలుగు స్వరాలు రాసేసరికే నాకు తెలిసిపోయింది. చిన్నప్పుడు మేం కార్ఖానా క్వార్టర్ల వెనక గోడకు బంతి కొట్టుకుంటుంటే, నాలుగో అంతస్తు బాల్కనీలోంచి నాన్న అన్నానికి పిలిచే ఈల అది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, చివరిది పైకి లేచేది. అది వినబడితే కజుమా గాల్లో ఉన్న బంతిని కూడా వదిలేసి పరిగెత్తేవాడు. కాగితం మడిచి బాకా పెట్టెలో పెట్టాను. అది అక్కడే ఉండిపోయింది.

*

కొత్త సంవత్సరానికి కజుమా మూడు రోజులు ఇంటికొచ్చాడు. అమ్మ బీరువా మీది కమలాపళ్ల పెట్టె దించమంటే ఎడమచేత్తో ఒక్కదాంతోనే లాగాడు. పెట్టె జారి పళ్లన్నీ గదంతా దొర్లాయి. అమ్మ వంటింట్లోంచి “మెల్లిగారా మొద్దూ!” అని అరిచింది. ఇద్దరం నేలమీద పాకుతూ పళ్లు ఏరుతుంటే అడిగాను.

“కుడిచెయ్యి ఏమైందిరా?”

“నిద్రలో పట్టేసిందిలే.”

“పాతికేళ్లొచ్చినా నీకు అబద్ధమాడటం రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి, అద్దంలో చూసుకో.”

వాడు కాసేపు పండు తుడుస్తూ కూర్చున్నాడు.

“భుజం, అక్కా. లోపల ఏదో చిరిగిందట. నన్నెవరూ గుర్తుపట్టని ఊళ్లో చూపించుకున్నా. సూది వేయించుకుంటే రెండ్రోజులు బాగా పనిచేస్తుంది.”

“నెగొరో గారికి చెప్పావా?”

“చెబితే ఆపరేషన్ అంటారు. ఆపరేషనంటే ఏడాది. నాకు ఏడాది ఎక్కడుందే? ఈసారి పెద్ద జట్టులో మూడో క్యాచర్ చోటు ఖాళీ అయింది. ఒక్క వసంతం లాగితే చాలు.” గొంతు తగ్గించాడు. “నాన్నకి మాత్రం చెప్పకు. తెలిస్తే రాసేస్తాడు.”

నాన్న అలా చెయ్యడురా అని నేను అనలేకపోయాను. చేస్తాడని ఇద్దరికీ తెలుసు. చెప్పనని మాటిచ్చాను. ఇవ్వకూడదని అప్పుడే తెలుసు, అయినా ఇచ్చాను. వాడు అంతలా బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు.

*

ఫిబ్రవరిలో జట్టు దక్షిణాన, ఎండ తగిలే హ్యూగా తీరంలో సాధన చేస్తుంది. నాన్న, నేను, ఇవాసా మావయ్య పడవలో సముద్రం దాటి, రైలెక్కి చిన్న జట్టు మైదానానికి చేరాం. చుట్టూ పైన్ చెట్లు, చెక్క బెంచీలు, మాలాంటి పిచ్చివాళ్లు ఒక ముప్ఫై మంది. నాన్న మెడలో స్టాప్‌వాచ్, ఒళ్లో నోటుపుస్తకం.

బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేవాడు క్యాచర్. అవతలివాడు దొంగ పరుగు తీస్తే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి వాడు చేరాల్సిన రెండో బేసుకు వాడికంటే ముందే బంతి విసరాలి. అది అక్కడికి చేరడానికి రెండు సెకన్లు పడితే మామూలు ఆటగాడు. ఒకటీ తొంభైలో, అంటే సెకనులో పదో వంతు ముందు, చేరితే వాడి అదృష్టం పండినట్టే.

ముందు తొకివా విసిరాడు. పందొమ్మిదేళ్లవాడు, ఉత్తరాది మంచు ఊరి నుంచి ఆ శీతాకాలమే వచ్చాడు. హైస్కూలు నుంచి నేరుగా 62వ నంబరుతో దిగాడు గానీ ఎవరితోనూ మాట్లాడటానికి ధైర్యం చాలక, విసిరిన ప్రతిసారీ టోపీ తీసి అందరికీ వంగి దణ్ణం పెడుతున్నాడు. ఒకటీ తొంభై ఎనిమిది. రెండూ సున్నా రెండు. ఒకటీ తొంభై ఏడు.

తర్వాత కజుమా. ఒకటీ తొంభై ఒకటి. ఒకటీ ఎనభై తొమ్మిది. నాన్న స్టాప్‌వాచ్‌ను ఎండకు అడ్డం పెట్టి ఇంకోసారి చూసుకున్నాడు. ఒకటీ తొంభై. ఇవాసా మావయ్య నా వీపు మీద ఒక్కటి చరిచాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నెగొరో గారు కంచె దగ్గరికి వచ్చాడు. “షిరాయిషి గారూ, ఈసారి మావాడి గురించి ఏం రాస్తారో చూస్తా. నెలాఖరు ఆటలో కూడా ఇలాగే వేస్తే నంబరు సంగతి పైవాళ్లతో నేనే మాట్లాడతాను.”

నాన్న లేచి నిలబడి వంగి నమస్కారం చేశాడు. మనిషి సంతోషం పట్టలేకపోతున్నాడు. దేవుడా, ఈయన కళ్లు కాసేపు మూసుకుపోతే బాగుండు అనుకున్నాను.

మూసుకుపోలేదు. మధ్యాహ్నం పిచర్ల సాధన మొదలైంది. పిచర్ విసురుతాడు, కజుమా పడతాడు, బంతి తిరిగి ఇవ్వాలి. అదేం లెక్కలోకి రాని పని, ఎవరూ చూడరు. కజుమా లేచి, నవ్వుతూ, పిచర్ దాకా నడిచి వెళ్లి బంతి చేతిలో పెట్టి, భుజం తట్టి వస్తున్నాడు.

“ఎంత మర్యాదమ్మా మీ తమ్ముడికి!” అన్నాడు ఇవాసా మావయ్య. “ప్రతి బంతికీ వెళ్లి పలకరించొస్తున్నాడు. తొకివా గాణ్ణి చూడు, కూర్చున్నచోటి నుంచే విసిరేస్తున్నాడు బద్ధకంగా.”

నాన్న నోటుపుస్తకంలో నిలువు గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై బంతులు. పద్నాలుగుసార్లు నడిచి వెళ్లి ఇచ్చాడు. ఆరుసార్లు కింది నుంచి, పిల్లలకు వేసినట్టు దొర్లించాడు. ఇరవయ్యో గీత పెట్టాక నాన్న స్టాప్‌వాచ్ మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

“ఇంక పోదాం,” అన్నాడు. సాధన అయిపోవడానికి ఇంకా రెండు గంటలుంది.

సాయంత్రం కజుమా మాతో ఉడోన్ నూడుల్స్ తినడానికి వచ్చాడు. నాన్న “ఒకటీ ఎనభై తొమ్మిది” అన్నాడు.

“చూశావా నాన్నా!”

“చూశాను.”

నాన్న టీ కప్పు నింపి బల్ల మీదుగా వాడి కుడిచేతి వైపే చాపాడు. కజుమా ఎడమచెయ్యి అడ్డంగా తెచ్చి అందుకున్నాడు. నాన్న కప్పు వెంటనే వదల్లేదు. ఆ తర్వాత వదిలేసి, “తిండి సరిగ్గా తిను” అన్నాడు.

*

మర్నాడు తిరుగు పడవలో ఇవాసా మావయ్య కింద చాప మీద నిద్రపోయాడు. నాన్న, నేను పైన రెయిలింగు దగ్గర నిలబడ్డాం. మధ్యాహ్నపు ఎండకు సముద్రం తళతళలాడుతోంది.

“నీకెప్పటి నుంచి తెలుసు?” అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.

“జనవరి నుంచి.”

“ఊఁ.”

ఆ ‘ఊఁ’ కంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

“వాడు మాట తీసుకున్నాడు నాన్నా. ఏం చెయ్యమంటావు?”

“నిన్నేం అనలేదుగా.”

“పత్రికలో రాస్తావా?”

“కనబడింది. కనబడ్డాక రాయకపోతే ముప్ఫై ఏళ్లుగా మిగతావాళ్ల గురించి రాసిందంతా ఏమైనట్టు? వాళ్లకీ అమ్మానాన్నలు ఉన్నారు కదా.”

“నువ్వు రాస్తే వాడి పని అయిపోతుంది.”

“రాయకపోతే వాడి చెయ్యి అయిపోతుంది. ఇంకో పది ఆటలు అలా విసిరితే వాడు ఈ జన్మలో తల దువ్వుకోలేడు.”

“అది వాడి చెయ్యి నాన్నా! వాడి ఇష్టం! పన్నెండేళ్ల నుంచి దీనికోసమే బతుకుతున్నాడు. చేతులారా నువ్వే…” ఆయన మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ఆయన చెప్పింది నిజమని తెలియడంవల్లే అంత కోపం వచ్చిందనుకుంటా.

నాన్న నీళ్ల వైపు తిరిగాడు. “అతుకు పైకి ఎంత బాగుందో చూశావా,” అన్నాడు. “ఒకటీ ఎనభై తొమ్మిది.”

*

ఇంటికొచ్చాక ఆరు పేజీలు నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఎనిమిదో పేజీ కూడా రాసేశాడు. ఏడోది మాత్రం తెల్లగా ఉండిపోయింది. పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాడు, పెన్సిలు చెక్కేవాడు, మళ్లీ చెక్కేవాడు. అమ్మకు సంగతి చెప్పాం. చెప్పిన రోజు ఆమె బట్టలన్నీ తీసి మళ్లీ ఉతికింది.

మూడో రోజు బల్ల మీది పెన్సిలు పొట్టు చేత్తో ఊడుస్తూ అంది:

“ఏమండీ, రాయాలంటే రాయండి. రాయొద్దని నేను అనను. మీరు వినరు కూడా.”

“సుమికో…”

“నన్ను చెప్పనివ్వండి. ఓడ అయితే అతుక్కి నోరుండదు, మీరు గీత గీసి వెళ్లిపోతారు. వీడికి నోరుంది. ఊరంతా చదవక ముందు వాడు చదవాలి. అంతే నేను కోరేది.”

నాన్న పెన్సిలు కింద పెట్టాడు. తర్వాత ఆ పూటే ఏడో పేజీ మొత్తం రాసేశాడు. నాకు చూపించాడు. తొకివా గురించి మూడు వాక్యాలు: చెయ్యి నిజాయితీగా ఉంది, భయం పోవాలి, దణ్ణాలు తగ్గించాలి. కింద, మామూలు చోటే, ఇలా ఉంది:

‘127. ఈ క్యాంపులో అందరికంటే వేగంగా విసిరినవాడు ఇతనే. బంతి తిరిగి ఇవ్వడానికి పిచర్ దాకా నడిచి వెళ్లినవాడూ ఇతనే. భుజం దెబ్బతింది, బహుశా జనవరి నుంచి. ఆడించకూడదు. ఇతను నా కొడుకు కాబట్టి పాఠకులు ఈ మాటను ఇంకోసారి తూచి చదువుకోవాలి.’

కాపీ తీయలేదు. చేత్తో రాసిన ఆ ఒక్క కాగితాన్నే కవరులో పెట్టి క్యాంపుకు పోస్టు చేశాడు. వెంట ఒక చీటీ: ‘తప్పులుంటే దిద్ది పంపు. నువ్వు పంపిందే అచ్చవుతుంది.’

“కొట్టేసి పంపితే?” అన్నాను.

“కొట్టేసిందే అచ్చవుతుంది.”

“ముప్ఫై ఏళ్లుగా రాసిందంతా ఏమైనట్టు మరి?”

నాన్న పోస్టు డబ్బా ముందు కాసేపు నిలబడి, తర్వాతే కవరు వదిలాడు.

పది రోజులు గడిచాయి. నెలాఖరు ఆట వచ్చింది, పోయింది. రేడియోలో కజుమా పేరు వినబడలేదు. పదకొండో రోజు నేను మిల్లు నుంచి వచ్చేసరికి బల్ల మీద కవరు ఉంది. నాన్న తెరవలేదు. అమ్మ ఏప్రన్‌కు చేతులు తుడుచుకుని తనే చింపింది.

అదే కాగితం. దేన్నీ కొట్టేయలేదు. రెండే దిద్దుబాట్లు, ఎర్ర సిరాతో, ఎడమచేతి వంకర అక్షరాలు. ‘బహుశా జనవరి నుంచి’ అన్నచోట గీత గీసి పైన ‘సెప్టెంబరు 21 నుంచి’ అని రాశాడు. ఆఖరి వాక్యానికి అడ్డంగా గీత పెట్టి, పక్కన ‘ఇది తీసెయ్ నాన్నా, అందరికీ తెలిసిందే’ అని రాశాడు. అంచున చిన్నగా ఇంకో వరుస: ‘నెగొరో గారికి నేనే చెప్పాను. మంగళవారం స్కానింగ్.’

అమ్మ తేదీ మీద వేలు పెట్టింది.

“సెప్టెంబరా?” అంది. “అక్టోబరులో వచ్చినప్పుడు బియ్యం బస్తా నాలుగంతస్తులు మోసుకొచ్చాడు నాకు. నేనే మోయమన్నాను.”

ఆ మాట అని అక్కడే కూలబడి ఏడ్చింది. సంగతి తెలిసిన రోజున కూడా ఏడవని మనిషి. నాన్న పక్కన నిలబడి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అలా తాకరు. నేను కాగితం తీసుకుని, దిద్దుబాట్ల ప్రకారం తిరగరాసి ఇమ్మని నాన్న ముందు పెట్టాను. ఆయన ‘సెప్టెంబరు’ అని రాయడానికి చాలాసేపు పట్టింది.

*

మార్చి మూడో వారంలో కజుమాకు ఆపరేషన్ అయింది. శరత్కాలం దాకా ఒప్పందం ఉంటుందన్నారు. ఆ తర్వాతి సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్ద జట్టు జాబితాలో మూడో క్యాచర్‌గా తొకివా పేరు వచ్చింది.

ఆ ఆదివారం నాన్న నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

“బాకా పెట్టెలో ఉన్న ఆ వరస తియ్యి.”

“ఏ వరస?”

“నీకు తెలుసు. తొకివాకి పాట కావాలి.”

నాకు ఒళ్లు మండిపోయింది. “అది వాడిది. ఇంకోటి కట్టు. నీకేం కొరత!”

“రెండంకెల నంబరు లేనివాడికి పాట లేదు. నియమం.”

“నీ నియమాలు పాడుగాను! రాసింది చాలదా, పాట కూడా లాక్కుని ఇంకొకడికి ఇవ్వాలా?”

నాన్న గుమ్మంలోనే చతికిలబడ్డాడు. అప్పుడు చూశాను, మనిషి బాగా ముసలివాడైపోయాడు.

“అంతకంటే మంచిది నా దగ్గర లేదమ్మాయ్,” అన్నాడు. “రాదు కూడా. మంచి వరసను పెట్టెలో పెట్టి ఏం చేసుకుంటాం? ఆ కుర్రాడు ఎక్కడో మంచులోంచి వచ్చాడు. ముప్ఫై వేల మంది ముందు ఒక్కడే నిలబడాలి. వాణ్ని ఎవరో ఒకరు పిలవాలి కదా.”

నేను కాగితం తీసి ఇచ్చాను. పేరు రాయాల్సిన ఖాళీలో నాన్న తొకివా అని రాశాడు. ఆ వారమంతా సముద్రపు గట్టు మీద నిలబడి సాధన చేశాను. నాలుగు స్వరాలు దాటేసరికి ఊపిరి అందేది కాదు. పదిహేనేళ్లుగా బాకా ఊదుతున్నాను, అలా ఎప్పుడూ కాలేదు.

తొలి ఆట మధ్యాహ్నం ఒంటి గంటకు. కజుమా అమ్మతో వచ్చాడు. కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది. నేను వద్దంటున్నా వినకుండా పత్రికల కట్ట చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఎడమచేత్తో పంచాడు. ఒక పెద్దాయన అక్కడే ఏడో పేజీ తిప్పి, కట్టు వైపు చూశాడు.

“127 అంటే నువ్వేనా?”

“నేనేనండి.”

“కన్నతండ్రి ఇలా రాశాడేంటయ్యా!”

“ఒక తేదీ తప్పుగా ఉందండి. దిద్దాను,” అన్నాడు కజుమా, ఇంకొకరికి కాగితం అందిస్తూ. వాడి చెవులు ఎర్రబడలేదు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కి మేం ఆరు పరుగులు వెనకబడ్డాం. మూడో క్యాచర్‌ను దించేది అలాంటప్పుడే. తొకివా బ్యాటు పట్టుకుని వచ్చి, అలవాటు కొద్దీ టోపీ మీద చెయ్యి వేసి, మళ్లీ దించేశాడు. ఎవరో ఏడో పేజీ చదివించినట్టున్నారు. ఇవాసా మావయ్య డోలు కర్రలు ఎత్తి నా వైపు చూశాడు. కజుమా నాకూ నాన్నకూ మధ్య నిలబడి ఉన్నాడు. కొత్త పాట అని తప్ప వాడికేం తెలియదు.

ఊదాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, చివరిది పైకి లేచేది.

కజుమా చటుక్కున తల తిప్పాడు. మైదానం వైపు కాదు, నాన్న వైపు. చిన్నప్పుడు గోడ దగ్గర నుంచి తిప్పినట్టే. తిప్పాక వాడికి అర్థమైంది. నాన్న పాట కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నిలబడ్డాడు, తను కట్టిన పాట తనకే నోటికి రానట్టు.

తొకివా బంతి తర్వాత బంతి పక్కకు కొట్టి నిలబడ్డాడు. ఔట్ కాడు, బేస్ చేరడు. పాట మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి ఎత్తుకున్నప్పుడు నా పక్క నుంచి కజుమా గొంతు వినబడింది. తొకివా పేరు దగ్గర అందరికంటే గట్టిగా అరిచాడు. నా కళ్లు మసకబారి స్వరాలు కనబడలేదు, అవసరమూ లేకపోయింది. ఎనిమిదో బంతికి తొకివా ఔటయ్యాడు. వెనక్కి వెళుతూ మా వైపు తిరిగి, ఇంక ఆపుకోలేక, నడుము దాకా వంగి దణ్ణం పెట్టాడు.

నేను బాకా దించాను. కజుమా నాన్న వైపు చూస్తున్నాడు, నాన్న కాగితం దించడం లేదు. వెనక వరుసలో అమ్మ గుడ్డమూట విప్పి అన్నం ముద్దల డబ్బా తెరిచింది. ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఎవరూ దాని జోలికి పోలేదు.

“ఈల వినబడిందిగా,” అంది. “రండి, తినండి ముందు.”

కజుమా ఎడమచేత్తో ఒకటి తీసి నాన్నకిచ్చాడు. తర్వాత తనొకటి తీసుకున్నాడు.